మేజర్ ఎడమ చెవి

మొగుడు ఉత్తయ్య చనిపోయిన ఏడు, ఆషాఢ శ్రావణాల మధ్య వచ్చే కక్కడ నెల వానల్లో ఒక సాయంత్రం, దేచమ్మ నడుమింట్లో వేలాడే దీపం వెలిగించబోతూ అగ్గిపెట్టె కోసం వసారాలోకి వచ్చింది. వచ్చి ఆగిపోయింది. కుక్క ఐమర పక్కన కూర్చుని ఉంది. ఐమర అంటే వసారా స్తంభాల మధ్య అడ్డంగా పరిచిన ఒంటి మాను పలక. దాని మీద ఇంటి పెద్ద తప్ప ఇంకొకరు కూర్చోరు. ఇప్పుడు ఎవరూ లేరు. కుక్క మాత్రం తల ఎడమ పక్కకి వాల్చి, వేలాడే చెవిని పలక అంచుకి ఆనించి, కళ్లు సగం మూసుకుని గొంతులో సన్నగా మూలుగుతోంది.

ఆ మూలుగు దేచమ్మకి తెలుసు. ఉత్తయ్య రోజూ ఈ వేళకి అక్కడే కూర్చునేవాడు. ఎడమ చేతిలో బ్రాందీ గ్లాసు, కుడి చెయ్యి కుక్క ఎడమ చెవి మీద. చెవి మొదట్లో వేళ్లతో రుద్దుతుంటే అది ఇలాగే మూలిగేది.

చూస్తూండగానే కుక్క మెడ ఇంకాస్త వాల్చింది, రుద్దే చెయ్యి కొంచెం కిందికి జరిగినట్టు.

ఇలాంటి చోట కథల్లో ఆడవాళ్లు కెవ్వుమంటారు. దేచమ్మ అగ్గిపెట్టె వెతికి పట్టుకుని, లోపలికెళ్లి దీపం వెలిగించి, రాత్రికి బియ్యప్పిండి రొట్టెలు కాల్చుకుంది. ఒక మనిషికి కావలసిన వాటికంటే ఎక్కువే కాల్చింది. ఎందుకు కాల్చావని తనని తాను అడగలేదు.

ఆవిడ తత్వమే అంత. విరాజ్‌పేట చుట్టుపక్కల పెళ్లినాడు కొత్త కోడలు బావి నుంచి నీళ్ల బిందె నెత్తిన పెట్టుకుని వస్తుంటే మగపెళ్లివారు దారికి అడ్డంగా నిలబడి ఆడతారు. డోళ్లు మోగినంతసేపూ ఆడతారు. పిల్ల ముందుకి అడుగు వెయ్యడానికి లేదు, బిందె దించడానికీ లేదు. ఎంత ఏడిపిస్తే అంత ముచ్చట. దేచమ్మ మెడ బిగించుకుని నిలబడింది. చివరికి ఆడేవాళ్లే రొప్పుతూ పక్కకి తప్పుకున్నారు. "వదినది మెడా, ఇనప చువ్వా" అన్నాడు మరిది చెంగప్ప. అప్పట్లో అతను సన్నగా ఉండేవాడు. ఆ తర్వాత కాఫీ తోట, మిరియాల తీగలు, పందుల దొడ్డి, పటాలం నుంచి సెలవులకి మాత్రమే వచ్చే మొగుడు, అన్నిటినీ ఆవిడ ఆ మెడ మీదే మోసింది. పిల్లలు లేరు. అందుకు ఊళ్లో చాలామంది జాలిపడటానికి వచ్చేవారు. ఆవిడ వాళ్లకి కాఫీ ఇచ్చి పంపేసేది.

ఉత్తయ్య సుబేదారుగా రిటైరై వచ్చాక రాగి రంగు స్పానియల్ పిల్లని తెచ్చాడు. ఒళ్లంతా చెవులే అన్నట్టు ఉండేది. దానికి మేజర్ అని పేరు పెట్టాడు. "బతుకంతా మేజర్లకి సెల్యూట్ కొట్టాను. ఒక్క మేజరైనా నేను కూర్చోమంటే కూర్చుంటాడేమో చూద్దామని" అనేవాడు. మేజర్ ఎప్పుడూ కూర్చోలేదు. వాన పడితే చాలు తోటలోకి ఉరికి, వాగులో దొర్లి, తడి చెవులు నేలకీడ్చుకుంటూ వచ్చేది.

వానలు పడ్డ కొత్తల్లోనే ఉత్తయ్య ఐమర మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. చేతిలో గ్లాసు కూడా ఒలకలేదు. ఊరికి కబురు తెలియడానికి ఆనవాయితీ ప్రకారం తుపాకి రెండుసార్లు పేల్చారు. ఆ చప్పుడుకి మేజర్ పలక కిందికి దూరింది. శవాన్ని తీసుకెళ్లేదాకా బయటికి రాలేదు.

మొదటిసారి చూసిన సాయంత్రం తర్వాత అది రోజూ జరిగింది. పొద్దు వాలేసరికి కుక్క వచ్చి ఆయన కుడిచేతి వైపు కూర్చునేది. చెవి ఆనించేది. మూలిగేది. ఉన్నట్టుండి పలక వైపు నిదానించి చూసి, తల అడ్డంగా విదిలించేది. చెవులు రెండూ దవడలకి పటపటా కొట్టుకునేవి. దేచమ్మ గ్లాసులో కొంచెం పోసి పలకకి ఎడమ కొసన పెట్టడం మొదలెట్టింది. తెల్లారేసరికి గ్లాసు ఖాళీగా ఉండేది. ఎలకలు కూడా తాగుతాయని ఆవిడకి తెలుసు.

ఒక వాసన కూడా ఉండేది, పులిసిన తీపి వాసన. బ్రాందీ వాసనే అనుకుంది. అలా అనుకోవాలని ఉంది కనక అనుకుంది.

చెంగప్ప విరాజ్‌పేటలో ఎరువుల కొట్టు నడుపుతాడు. ఇప్పుడు లావెక్కాడు. ఆ నెలలోనే ఒక సాయంత్రం గొడుగు దులుపుకుంటూ వచ్చి, కాఫీ చేతికి అందకముందే అసలు మాటలోకి దిగాడు.

"ఇంత కొంపలో నువ్వొక్కదానివి, ఒక కుక్కా. బెంగళూరు వాళ్లు పాత ఇళ్లంటే పడి చస్తున్నారు వదినా. నాలుగు గదులు బాగుచేసి హోమ్‌స్టే పెడదాం. నీకు మా మేడ మీద గది. వేణ్ణీళ్లకి గీజరుంది."

"నాకు పొయ్యుంది."

"ఆ పొయ్యి దగ్గర వాళ్లు ఫొటోలు దిగుతారు. నువ్వేం చేసుకుంటావు దాంతో?"

"వండుకుంటాను."

"ఉమ్మడి ఇల్లు వదినా. నీదొక్కదానిదే కాదు. అన్నుంటే ఈపాటికి సరే అనేవాడు."

"అయితే అడుగు. అక్కడే కూర్చున్నాడు" అని దేచమ్మ చేతిలో గరిటెతో ఐమర చూపించింది.

చెంగప్ప నవ్వాడు. నవ్వుతూ అటు తిరిగాడు. ఖాళీ పలకకి చెవి ఆనించి, కళ్లు సగం మూసి మూలుగుతున్న కుక్కని చూశాడు. నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, లోపల మాత్రం ఆరిపోయింది.

"అన్నా" అన్నాడు కాసేపటికి, ఎవరూ వినకూడదన్నట్టు. "ఇల్లు ఇద్దామా?"

మేజర్ లేచి నిలబడింది. పలక వైపు చూసింది. తల అడ్డంగా గట్టిగా విదిలించింది. పటపటపట. చెంగప్ప కాఫీ సగంలో వదిలేసి గొడుగు తెరవకుండానే వానలోకి నడిచాడు.

ఇంకో చోటైతే దీన్ని నవ్వులాటగా చెప్పుకునేవారు. ఆ సీమలో ప్రతి ఇంటికీ ఒక కారణవుడుంటాడు, వంశానికి మొదటి పెద్ద. ఏటా ఆయనకీ, ఆయన వెనక పోయినవాళ్లకీ మాంసం, మద్యం పెడతారు. ఆ రోజు ఎర్రబట్ట కట్టుకున్న ఒకతని మీదికి ఆయన వచ్చి మాట్లాడతాడు. తగువులు తీరుస్తాడు, తిడతాడు. ఈ ఇంటికి ఆ పని చేసే ముసలాయన పోయాడు. ఆయన కొడుకు మైసూరులో బ్యాంకు ఉద్యోగి, నడుం నొప్పి అని ఒప్పుకోలేదు. చాలా ఏళ్లుగా ఈ ఇంటి పెద్దలు పంది కూర తిని, తాగి, ఒక్క ముక్క చెప్పకుండా వెళ్లిపోతున్నారు. ఒక్క మాట కోసం ఇంటిల్లిపాదీ అలా ఎదురుచూస్తున్నప్పుడు ఒక కుక్క తల ఊపింది.

ఆ కబురు విని చదువుకున్నవాళ్లే ముందు వచ్చారు. రిటైరైన హెడ్మాస్టరొకాయన కూతురి సంబంధం గురించి అడిగిపోయాడు. మేజర్‌కి తల అడ్డంగా ఊపడం ఒక్కటే వచ్చని జనం తొందరగానే కనిపెట్టారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు తమకి కావలసిన జవాబు 'వద్దు' అయ్యేలా ప్రశ్న తయారుచేసుకుని వచ్చేవారు. "ఆ పిల్లనిస్తే అబ్బాయి సుఖపడతాడా?" అని ఒకావిడ అడిగింది. ఆవిడకి ఆ పిల్ల ముందునుంచీ నచ్చలేదు. మేజర్ ఊపింది. ఆవిడ తృప్తిగా వెళ్లింది.

దేచమ్మకి ఇవన్నీ చిరాకు. కానీ ఆపలేదు. మేజర్ తల ఊపినంతకాలం ఇంటి జోలికి ఎవరూ రారు. అంతకంటే ముఖ్యమైనది, ఎవరితోనూ అననిది ఒకటుంది: మేజర్ తల ఊపినంతకాలం ఆయన ఇంట్లో ఉన్నాడు.

కక్కడ దాటింది. వాన తగ్గలేదు. చెవి దురదేమోనని దేచమ్మ రెండు మూడుసార్లు పైనుంచే ఇంటి మందు వేసి చూసింది. మేజర్ నడక ఒక పక్కకి ఒరిగిపోసాగింది. పెరట్లోకి వెళ్తే ఎడమకే తిరుగుతూ గుండ్రంగా నడిచి బయల్దేరిన చోటికే వచ్చేది. మెట్టు దిగబోయి పడింది. ఎముక వేస్తే నోట్లో పెట్టుకుని, నమలబోయి వదిలేసింది. కళ్లు ఒకవైపుకి చిన్నగా కొట్టుకుంటుండేవి, కనపడని దేన్నో వరసగా చదువుతున్నట్టు. పొద్దు వాలేసరికి మాత్రం పడుతూ లేస్తూ ఐమర దగ్గరికి చేరేది.

"దాన్ని డాక్టరుకి చూపించు వదినా" అన్నాడు మళ్లీ వచ్చిన చెంగప్ప. ఈసారి వసారా ఎక్కలేదు, చూరు కిందే నిలబడ్డాడు.

"నీకెందుకంత ఆత్రం? మీ అన్న నోరు మూయించాలనా?"

"నాకు లాభమే, కాదనను. కానీ ఆ కుక్క చస్తోంది. నీకూ కనపడుతోంది. వైద్యం చేయిస్తే ఊపడం మానేస్తుందని నీ భయం."

"వెళ్లి ఎరువులమ్ముకో."

అతను వెళ్లిపోయాడు. దేచమ్మ ఆ సాయంత్రం కుక్క పక్కన నేల మీద కూర్చుంది. ఎప్పుడూ చెయ్యని పని చేసింది: చెయ్యి చాపి, ఉత్తయ్య వేళ్లు ఎక్కడ ఆడేవో సరిగ్గా అక్కడ, ఎడమ చెవి మొదట్లో పెట్టి మెల్లగా నొక్కింది.

మేజర్ మనిషిలా అరిచింది. అరుస్తూనే మణికట్టు అందుకుంది, పళ్లు చర్మం మీద గీసుకుని ఆగిపోయాయి. మరుక్షణం అది తనే భయపడిపోయి పలక కిందికి దూరింది. దేచమ్మ వేళ్లు తడిగా, గోధుమరంగుగా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇన్నాళ్లూ బ్రాందీ అనుకున్న వాసన.

ఆయన చెయ్యే గనక అక్కడ ఉంటే, ఇన్నాళ్లూ ఇది అరవకుండా ఎలా ఓర్చుకుంది? చెయ్యి లేదు, అందుకే అరవలేదు, అన్నది ఒక జవాబు. ఆయన చెయ్యి కనక ఓర్చుకుంది, అన్నది రెండోది. దాన్ని ఆవిడ వేళ్లు కడుక్కుంటూ ఆలోచించింది, కడుక్కోవడం అయ్యాక మానేసింది. రెంటిలో ఏది నిజమైనా వేళ్లకంటింది మాత్రం చీము. పొద్దున్నే జీపు పిలిపించింది.

విరాజ్‌పేటలో పశువుల డాక్టరు లిస్సీ అనే మలయాళీ పిల్ల. మేజర్‌కి మత్తిచ్చి, చెవిలోకి దీపం గొట్టం పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత కుడి చెవి చూసింది. మళ్లీ ఎడమ చెవికి వచ్చింది.

"ఈ ఊదా రంగేమిటి ఆంటీ?"

"కక్కడ పద్దెనిమిదో నాడు మందాకుతో ఊదా పాయసం చేసుకుని తింటాం కదా. అందరికీ మంచిదే కదా అని ఆ ఆకు రసం రెండు చుక్కలు..."

"తింటారు సరే. ఆంటీ మీరు చెవిలో పోసుకున్నారా?"

దేచమ్మ బల్ల అంచు దాటిన కుక్క కాలు సర్దింది.

"నూనె కూడా పోశారు."

"వెల్లుల్లి వేసి కాచింది. గోరువెచ్చగానే పోశాను."

"కర్ణభేరికి చిల్లు పడింది. మీరు పోసినవన్నీ తిన్నగా లోపలికి పోయాయి. లోపల ఏముందో చూడకుండా చెవిలో ఏదీ పొయ్యకూడదు, ఎంత మంచి మందైనా సరే." లిస్సీ పుల్లకి చుట్టిన దూది మీదికి కొంచెం చీము తీసి, గాజు పలక మీద రాసి, సూక్ష్మదర్శినిలో చూసింది. "బూజూ ఉంది, సూక్ష్మక్రిములూ ఉన్నాయి. ఎప్పట్నుంచి తల విదిలిస్తోంది?"

"మా ఆయన పోయినప్పట్నుంచి."

"ఆయన దీనికేం చేసేవారు?"

"ఏం చేసేవాడు? పక్కన కూర్చోబెట్టుకుని తాగేవాడు."

"తాగుతూ?"

"చెవులు తుడిచేవాడు. పటాలం నాటి తువ్వాలొకటి ఉండేది. తడిసి రాగానే చెవి తిరగేసి తుడిచి, ఆరిందాకా అలా రుద్దుతూ కూర్చునేవాడు. వాసన చూసేవాడు కూడా, తిండి చూసినట్టు. లోపలి వెంట్రుకలు కత్తిరించడానికి నా కుట్టుపని కత్తెరంతా..."

లిస్సీ తలెత్తలేదు. "కుక్క చెవి దారి బావిలా కిందికి దిగి, అడుగున లోపలికి మలుపు తిరుగుతుంది. నీళ్లు పోతే తిరిగి రావు. పైన ఈ చెవి మూతలా పడుంటుంది. మీ వానలకి మూడు రోజులు తుడవకపోతే చాలు. దీనికి నెలల తరబడి తుడిచేవాళ్లు లేరు."

"మరి తల వాల్చి కూర్చోవడం?"

"చెవి లోపలి భాగం దాకా పాకింది. మన ఒళ్లు తూలకుండా నిలబెట్టేది అదే. దానికిప్పుడు నేల తిరుగుతోంది ఆంటీ. తల వాల్చి దేనికైనా ఆనిస్తే కొంచెం నిలుస్తుంది."

"దేనికైనానా?"

"గోడకైనా, గట్టుకైనా."

బయట వాన రేకుల మీద పడుతోంది. దేచమ్మ చెంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ అడిగింది: "నయమైతే తల ఊపడం మానేస్తుందా?"

"అందుకేగా వైద్యం."

"పూర్తిగానా?"

ఇప్పుడు లిస్సీ తలెత్తింది. "ఊపాలా మీకు?"

"చెయ్యకపోతే ఏమవుతుంది?"

"మెదడుకి ఎక్కుతుంది."

దేచమ్మ బల్ల మీద మత్తులో పడుకున్న కుక్కని చూసింది. మత్తులో దాని మెడ తిన్నగా ఉంది. ఎన్ని వారాలైందో ఆ మెడని తిన్నగా చూసి. "చెయ్యి తల్లీ" అంది.

చెవి కడిగించుకుని, మాత్రలు తీసుకుని వచ్చింది. బాగైనట్టు కనపడగానే ఆపెయ్యొద్దని, చెప్పినన్నాళ్లూ వెయ్యాలని, మళ్లీ తెచ్చి చూపించాలని లిస్సీ ఒకటికి రెండుసార్లు చెప్పింది. దేచమ్మ పెట్టెలోంచి ఆయన తువ్వాలు తీసింది. తోటలోంచి రాగానే మేజర్ చెవులు తిరగేసి, వేలు పోయినంత మేర మాత్రమే తుడిచింది. దూది పుల్లల జోలికి పోలేదు, అవి మురికిని ఇంకా లోపలికి నెడతాయి. కుట్టుపని కత్తెరతో వెంట్రుకలు కత్తిరించింది. చెవి ఎత్తి వాసన చూసింది, తిండి చూసినట్టు. చిల్లు పూడాక లిస్సీ ఒక కడిగే మందిచ్చింది. వారానికోసారి అది పోసి, చెవి మొదట్లో మెల్లగా ఒకసారి ఒత్తి, కుక్కని విదిలించుకోనిచ్చి, పైకొచ్చింది తుడిచేది. ఇదంతా నేల మీద చాప వేసుకుని చేసింది, ఐమర మీద కాదు.

మేజర్ తల నిటారుగా నిలిచింది. ఎముకలు నమిలింది. సాయంత్రాలు ఐమర పక్కనుంచే నడిచి వెళ్లేది, అక్కడేమీ లేనట్టు.

ఇల్లు అప్పుడు ఖాళీ అయింది. శవం లేచినప్పుడు కూడా అంత ఖాళీ కాలేదు. దీపం వేళకి దేచమ్మ గ్లాసు పెట్టేది. పొద్దున వచ్చి చూస్తే పోసింది పోసినట్టే ఉండేది. ఎలకలు కూడా మానేశాయి. కొన్నాళ్లకి ఆవిడా పొయ్యడం మానేసింది.

కారణవులకి పెట్టే రోజు వచ్చింది. బంధువులంతా చేరారు. నడుమింటి మూల ఆకు పరిచి పంది కూర, కోడి, కడంబుట్టు అనే బియ్యపు రవ్వ ఉండలు, బ్రాందీ పెట్టారు. మొక్కడం అయ్యాక అందరూ వసారాలోకి వచ్చి, ఎవరూ చెప్పకుండానే మేజర్ చుట్టూ నిలబడ్డారు. చెంగప్ప గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, ఇల్లు ఇద్దామా?"

మేజర్ అతని చేతికేసి చూసింది. ఆ చేతికి కూర వాసన ఉంది. తల కదల్లేదు. చెవులు కదల్లేదు. మళ్లీ అడిగాడు. తోక ఊపింది.

"అన్న కాదనలేదు. చూశారుగా అందరూ."

దేచమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. జనం మధ్యలోంచి నడిచి ఐమర మీద కూర్చుంది. ఎవరో గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడు వినపడింది.

"మీ అన్ననడగడం అయిందా?" అంది. "ఇప్పుడు నన్నడుగు."

"వదినా, అక్కడ..."

"అడుగు చెంగప్పా. పెద్దదాన్ని."

చెంగప్ప చుట్టూ చూశాడు. ఎవరూ సాయం రాలేదు. "ఇల్లు ఇద్దామా?"

"వద్దు. మీ అన్నకిష్టమో కాదో నాకు తెలీదు, ఆయన నాతో కూడా చెప్పలేదు. నాకిష్టం లేదు. నేనున్నన్నాళ్లూ ఉండేది ఇక్కడే. పోయాక తలుపులూ పొయ్యీ ఏం చేసుకుంటారో చేసుకోండి."

"మెడ కాదు, ఇనప చువ్వ" అని చెంగప్ప పళ్ల మధ్య గొణిగాడు. అతని పెళ్లాం ముందు నవ్వింది, తర్వాత అందరూ నవ్వారు. విస్తళ్లు వేశారు. హోమ్‌స్టే మాట ఆ రోజు మళ్లీ రాలేదు.

పొద్దు వాలేసరికి జీపులన్నీ వెళ్లిపోయాయి. దేచమ్మ గిన్నెలు కడిగి, దీపం చూసుకుని, వసారా తలుపు వెయ్యబోయింది.

మేజర్ ఐమర దగ్గర కూర్చుని ఉంది. ఎప్పుడూ కూర్చునే వైపు కాదు; పలకకి అటు కొసన, ఆయన ఎడమచేతి వైపు. తల కుడికి వాల్చి, కుడి చెవి అంచుకి ఆనించి, కళ్లు సగం మూసుకుని మూలుగుతోంది.

రెండో చెవి కూడా పోయిందనుకుంది దేచమ్మ. మోకాళ్ల మీద కూలబడి చెవి తిరగేసింది. లోపల లేత గులాబీ రంగు, పొడిగా ఉంది. వాసన చూసింది, కడిగే మందు వాసన తప్ప ఇంకేమీ లేదు. చెవి మొదట్లో నొక్కింది. కుక్క అరవలేదు. ఆవిడ చేతిని ఓపిగ్గా సహించి, ఆవిడ తీసెయ్యగానే మళ్లీ అంచు మీదికి వాలి, ఆగిన చోటి నుంచి మూలగసాగింది.

మర్నాడు లిస్సీ దగ్గరికి తీసుకెళ్లింది. లిస్సీ దీపం గొట్టం పెట్టి రెండు చెవులూ చూసింది. "కుడి చెవికేం లేదు ఆంటీ. ఎప్పుడూ ఏం లేదు. ఎడమది మానింది కానీ ముట్టుకుంటే ఇంకా కొంచెం సలుపుతుంది. కొన్నాళ్లు ఆ వైపు రుద్దకండి."

"నేను రుద్దడం లేదు" అంది దేచమ్మ.

ఆ సాయంత్రం దీపం వెలిగించాక వసారాలోకి వచ్చి చూసింది. కుక్క అటు కొసనే ఉంది. దేచమ్మ చాలాసేపు గుమ్మంలో నిలబడింది. తర్వాత లోపలికెళ్లి, గ్లాసు కడిగి, కొంచెం పోసి తెచ్చింది. అలవాటుగా ఎడమ కొసన పెట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, గ్లాసుని కుడి కొసన పెట్టింది. ఆయన ఎడమ చెయ్యి ఇప్పుడు ఖాళీ లేదు కదా.